కంచెను గుద్దుకోకముందే జరిగే ప్రమాదం

బ్రిటన్ పల్లెల్లో పొలాల నడుమ పచ్చికను చదును చేసి, సొంత విమానాలు దించుకునే చిన్న రన్‌వేలు చాలానే ఉన్నాయి. సరదాకు విమానం నడిపేవాళ్లు లైసెన్సున్న విమానాశ్రయంలోనే దిగాలన్న నియమం అక్కడ లేదు. కంట్రోల్ టవర్ ఉండదు, దిగవచ్చో లేదో చెప్పేవాళ్లూ ఉండరు. అలాంటిచోట నాలుగు సీట్ల విమానం ఆగలేక కంచెను గుద్దుకుంటే, బ్రేకులు పట్టలేదనో పైలట్ పొరపాటనో తేల్చేస్తారు. కానీ చాలాసార్లు చక్రాలు నేలను తాకకముందే తప్పు జరిగిపోతుంది. ఒక్కోసారి విమానం బయలుదేరకముందే, లెక్క వేసుకోని క్షణంలోనే.

ఆ లెక్క చూడండి. గట్టి, పొడి రన్‌వే మీద, గాలి లేనప్పుడు, 50 అడుగుల ఎత్తు నుంచి దిగి పూర్తిగా ఆగడానికి సెస్నా 172ఎస్ విమానానికి సముద్రమట్టంలో సుమారు 407 మీటర్లు చాలు. అయితే బ్రిటన్ పౌర విమానయాన సంస్థ ప్రైవేటు పైలట్లకిచ్చిన సూచనల ప్రకారం, తడి పచ్చికైతే దీన్ని కనీసం 1.35తో హెచ్చించాలి. దిగే వేగంలో పదోవంతు గాలి వెనక నుంచి వీస్తే 1.2తో, ఆపైన భద్రత కోసం 1.43తో. అప్పుడు కావలసింది సుమారు 943 మీటర్లు! పొలాల్లోని రన్‌వేలు చాలావరకు అంత పొడవుండవు. ఇక్కడ పదోవంతు అంటే గంటకు 11, 12 కిలోమీటర్ల గాలి, ఒంటికి హాయిగా తగిలేదే. పైలట్ వేగం పదోవంతు పెంచి వస్తే బ్రేకులు అణచాల్సిన శక్తి 21 శాతం పెరుగుతుంది. పైగా నేలకు దగ్గరయ్యేసరికి రెక్కల మీద గాలి నిరోధం తగ్గి, విమానం దిగకుండా తేలుతూ పోతుంది. 60 నాట్ల వేగంతో అయిదు సెకన్లు తేలితే 150 మీటర్ల రన్‌వే వెనకబడిపోయినట్టే.

ఈ లెక్క అతిజాగ్రత్త అనీ, అనుభవజ్ఞులు ఇంతకన్నా పొట్టి రన్‌వేల మీద రోజూ దిగుతున్నారనీ అనవచ్చు. నిజమే, దిగుతున్నారు. అయితే విమానంతో వచ్చే మాన్యువల్‌లోని అంకెలు కొత్త విమానంతో, టెస్ట్ పైలట్లు అనుకూల పరిస్థితుల్లో సాధించినవి. బ్రేకులు అరిగిన విమానానికి, వాన వెలిసిన సాయంత్రానికి అవి వర్తించవు. పొడినేల మీద, ఎదురుగాలిలో వందసార్లు క్షేమంగా దిగిన అనుభవం, తడినేల మీద ఎంత దూరం కావాలో చెప్పదు.

మరో అభ్యంతరం ఇంకా బలమైనది. దిగడం మానుకుని మళ్లీ పైకి లేవడాన్ని గో-అరౌండ్ అంటారు. అదీ ప్రమాదకరమే కదా? అవును. పూర్తి శక్తి ఇవ్వగానే ముక్కు పైకెత్తుకుంటుంది, విమానం ఎడమకు లాగుతుంది, ఎదురుగా చెట్లుంటాయి. కంగారులో ముక్కు మరీ ఎత్తితే రెక్కలు పట్టు కోల్పోయి విమానం కూలిపోవచ్చు. అయితే ఈ ముప్పు చాలావరకు ఆలస్యంగా తీసుకున్న నిర్ణయంలోది. అందుకే ఆ నిర్ణయాన్ని చివరి క్షణపు ధైర్యానికి వదలకూడదు. రన్‌వే మొదటి మూడోవంతు ముగిసేచోట యజమాని ఓ తెల్ల పలక పాతవచ్చు. అదే నిర్ణయానికి గీత. రన్‌వే మరీ పొట్టిగా ఉన్నా, చివర గుట్ట ఉన్నా ఆ గీత ఇంకా వెనక్కి, విమానం గాల్లో ఉండగానే దాటేలా జరగాలి. గీత దాటేసరికి అంతా సరిగ్గా లేకపోతే లేచిపోవాలి. మళ్లీ ప్రయత్నించాలా, పొడవైన రన్‌వే ఉన్న చోటికి వెళ్లాలా అన్నది పైకెళ్లాక తీరిగ్గా ఆలోచించుకోవచ్చు.