కళాసంగ్రహాలయములు - గ్రామపెద్దల కర్తవ్యము



నేటి ప్రసంగమునకు విషయము కళాసంగ్రహాలయము. దీనినే మనము మ్యూజియము అని వ్యవహరించుచున్నాము. చెన్నపట్టణమున 1851వ సంవత్సరమున స్థాపింపబడి, ఎగ్మూరులో నున్న ప్రభుత్వ మ్యూజియమును అచ్చటి సామాన్యజనులు 'చచ్చిన కాలేజి' అని పిలిచెడివారు. ఒకప్పుడు దాని ప్రక్కనుండిన జంతుశాల వారికి 'బ్రతికిన కాలేజి'. ఈ పేర్లు నవ్వు పుట్టించుచున్నను, వీనిలో నొక మంచి ప్రశ్న యిమిడియున్నది. పుట్టినచోటు విడిచి, పరాయి గదిలో నిలిచిన శిల్పము చచ్చినదా, బ్రతికినదా?

నాకు తోచిన సమాధానము చెప్పెదను. తాను పుట్టిన యూరిపేరు నిలిచియున్నంతకాలము శిల్పము బ్రతికియున్నట్లే. ఊరిపేరు పోయిన శిల్పము ఎంత సుందరమైనను మూగదియే. ఆ పేరును కాపాడుట సంగ్రహాలయాధికారుల పని మాత్రమే కాదు. మొదట గ్రామపెద్దల పని.

ఇందుకు అమరావతి చరిత్రమే నిదర్శనము. కృష్ణాతీరమున ధాన్యకటకమను ప్రాచీన నగరమున బౌద్ధుల మహాచైత్యము వెలసెను. శాతవాహనుల కాలమున అది అపురూపమైన శిల్పఫలకములతో నలంకృతమయ్యెను. ఆ రాయి చూపునకు చలువరాతివలె నుండును గాని, నిజమునకు సున్నపురాయి. అదియే దానికి గండమయ్యెను. కాలక్రమమున చైత్యము మంటిదిబ్బయై దీపాలదిన్నె యనిపించుకొనెను. 18వ శతాబ్దాంతమున వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు అమరావతి పట్టణమును కట్టించుచున్నప్పుడు, పనివారు రాళ్లకొఱకు ఆ దిబ్బను త్రవ్విరి. కొన్ని ఫలకములు క్రొత్త కట్టడములలో చేరెను. కొన్ని సున్నపుబట్టీలలో కాలిపోయెను. వేయేండ్లకు పైబడిన శిల్పము గోడకు వెల్లయైపోయినదన్నమాట. ఇది ద్వేషముచే జరిగినది కాదు. ఆ రాయి యేమో తెలియకపోవుటచే జరిగినది.

1798లో కాలిన్ మెకంజీ అను సర్వేయరు ఆ దిబ్బను చూచెను. 1816లో మరల వచ్చి, శిల్పములకు పటములు వ్రాయించెను. తరువాత నశించిన ఫలకములలో పెక్కింటి రూపము మనకు తెలియుట ఆ పటముల వలననే. మన గ్రామముల కైఫీయతులను సేకరింపించినవాడును ఈయనయే. కావలి వేంకట బొఱ్ఱయ్య, లక్ష్మయ్య అను తెలుగు సోదరులు అందు ఆయనకు తోడ్పడిరి. ఊరి కరణములును వృద్ధులును ఎఱిగిన సంగతులే ఆ కైఫీయతులకు ఆధారము. కావున ఊరి సంగతి వ్రాసియుంచుట మనకు క్రొత్తపని కాదు.

1845లో వాల్టర్ ఎలియట్ దొర అమరావతిలో మరల త్రవ్వించి, శిల్పములను చెన్నపట్టణమునకు పంపించెను. అవి పెక్కేండ్లు ఎండకును వానకును గురియై ఆరుబయట పడియుండెను. వానిని 1859లో ఓడనెక్కించి లండనునకు పంపిరి. 1880లో అవి బ్రిటిషు మ్యూజియమున చేరెను. తరువాతి త్రవ్వకములలో లభించినవానిలో పెక్కు చెన్నపట్టణమున నున్నవి. కొన్ని అమరావతిలోని సంగ్రహాలయముననే యున్నవి. వేర్వేరు దేశములలో చెదరియున్నను అవి అమరావతి శిల్పములనియే పిలువబడుచున్నవి. త్రవ్వినచోటు పేరు కాగితముపై నిలిచియుండుటయే కారణము.

కాగితమునకు గల బలమును జూపు మఱియొక యుదాహరణము వినుడు. గుండ్లకమ్మ తీరమున చందవరమను బౌద్ధక్షేత్రము కలదు. అచ్చటినుండి దొంగిలింపబడిన యొక శిల్పఫలకము చేతులు మారి సముద్రములు దాటెను. ఆస్ట్రేలియా రాజధానియైన కాన్‌బెర్రా నగరపు జాతీయ కళామందిరము 2005లో దానిని వెలపెట్టి కొనెను. అది 1990 తరువాతి సంవత్సరములలోను భారతదేశముననే యుండినట్లు తెలుపు ఛాయాచిత్రము పిమ్మట బయలుపడెను. 2016లో ఆ కళామందిరము శిల్పమును భారతదేశమునకు తిరిగి యిచ్చెను. ఒక ఛాయాచిత్రము ఒక శిల్పమును ఇల్లు చేర్చినది.

ఆఫ్రికాఖండమునను ఇట్టి కథ కలదు. ఫ్రెంచి సేనలు 1892లో అబోమీ రాజమందిరమునుండి కొనిపోయిన వస్తువులలో 26 వస్తువులు 2021లో బెనిన్ దేశమునకు మరలివచ్చెను. వాని పుట్టినిల్లు ఏదియో తెలిసియుండుటచేతనే ఆ జనులు మాదియని అడుగగలిగిరి. చోటు తెలియనిదానిని ఎవరు ఏమని యడుగగలరు?

ఇక మన సీమను గూర్చి ఆలోచింతము. అనకాపల్లి చెంత శంకరము గ్రామమున బొజ్జన్నకొండ, లింగాలకొండ కలవు. కొండరాతినే తొలిచి మలచిన స్తూపములును, గుహలలో బుద్ధవిగ్రహములును అచ్చట నున్నవి. 1907-08 సంవత్సరములలో అలెగ్జాండర్ రే అచ్చట త్రవ్వకములు జరిపించెను. నేను ఉపాధ్యాయుడనై యున్న దినములలో నర్సీపట్నపు పిల్లలను అచ్చటికి తీసికొనిపోతిని. ఆ కొండపై నొక రూపమును రక్కసిబొజ్జగా భావించి, కనుమనాడు జనులు రాళ్లు రువ్వు ఆచారము చిరకాలము సాగి, ఇటీవలి కాలమున మానిపింపబడినది. అమరావతి పనివారివలెనే వీరును చెడ్డవారు కారు. చెప్పువారు లేకపోయిరి, అంతియే.

ఆ చెప్పువారు మీరే కావలెను. దున్నునపుడుగాని, నూయి త్రవ్వునపుడుగాని చెక్కినరాయి, అక్షరములున్న రాయి బయటపడినచో, దానిని పగులగొట్టనీయకుడు. బట్టలుతుకు బండగను, కల్లపుగోడకు పునాదిరాయిగను వాడనీయకుడు. అక్షరములపై సున్నము పూయింపకుడు. ఏ పొలము, ఎంత లోతు, ఏ దినము అను మూడు సంగతులు వ్రాసి, ఛాయాచిత్రము తీయించి, పంచాయతీ కాగితములలో నుంచుడు. భూమిలో దొరకిన నిక్షేపమును కలెక్టరుగారికి తెలుపవలెనని 1878 నాటి చట్టము చెప్పుచున్నది. తహసీలుదారు కచ్చేరి మీకు దూరము కాదు గదా! తెలిపిన పిమ్మట ఆ రాయి పట్టణపు మ్యూజియమునకు పోవచ్చును. అందుకు చింతింపకుడు. దాని క్రింది చీటిపై మీ యూరిపేరు వ్రాసియున్నదా యని మాత్రము పోయి చూచి రండు. లేనిచో వ్రాయించి రండు.

తాతలు మనకు రాతిపై చెక్కి యిచ్చిరి. మనుమలకొఱకు మనము కాగితముపై నాలుగు పంక్తులైనను వ్రాసి యియ్యవలదా?