డ్రాగన్ చుట్టాలు మన కోనసీమలో!

రెక్కలు, నోట్లోంచి మంటలు, గుహలో బంగారానికి కాపలా. ఇంగ్లీషు సినిమాల డ్రాగన్ అంటే ఇంతే కదా! ఇవన్నీ ఒకే ఒంట్లో ఉన్న జీవి మన కథల్లో కనిపించదు గానీ, విడివిడిగా వెతికితే మాత్రం గోదావరి పాయల చుట్టూ చాలానే దొరుకుతాయి.

● అమలాపురం నుంచి రాజోలు వెళ్తూ బోడసకుర్రు వంతెన మీద మనం దాటేది వైనతేయ పాయ. వైనతేయుడంటే వినత కొడుకు గరుత్మంతుడు. పాముల తల్లి కద్రువకు దాసిగా ఉన్న తన తల్లిని విడిపించుకోడానికి అమృతం తెచ్చి, దర్భల మీద పెట్టాడు. పాములు స్నానానికి వెళ్ళొచ్చేలోగా ఇంద్రుడు భాండం పట్టుకుపోయాడు. కాస్త తడైనా మిగలకపోతుందా అని దర్భలు నాకితే వాటి నాలుకలు రెండుగా చీలాయట!

● చీలిన నాలుక ఉడుముకీ ఉంది. ఇండోనేషియా దీవుల్లో మూడు మీటర్ల దాకా పెరిగే కొమోడో డ్రాగన్‌దీ మన ఉడుముదీ ఒకే ప్రజాతి, వరానస్. నాలుక రెండు కొసలతో వాసన పట్టి, ఏ పక్క ఎక్కువగా తగిలితే ఆ పక్కకి తిరుగుతాయి. ఉడుమును వేటాడితే వన్యప్రాణి చట్టం కింద నేరం.

● ఆత్రేయపురం అంటే పూతరేకులే గుర్తొస్తాయి. ఆ మండలంలోని ర్యాలిలో ఒకే శిల్పం ముందు నుంచి కేశవస్వామి, వెనక నుంచి సిగముడితో సహా జగన్మోహిని. వాసుకిని తాడుగా చుట్టి పాలసముద్రం చిలికాక, అమృతం పంచడానికి వచ్చిన మోహిని ఈమే. ఎదురుగా ఉన్న గుడి ఉమా కమండలేశ్వరుడిది. చిలకడం అయ్యాక వాసుకి చేరింది శివుడి మెడలోకే.

● ఆ వాసుకి పేరు ఇప్పుడు శాస్త్రజ్ఞుల పుస్తకాల్లోనూ ఉంది. గుజరాత్‌లో కచ్ ప్రాంతపు పానంధ్రో లిగ్నైట్ గనిలో దొరికిన వెన్నుపూసల్ని బట్టి, సుమారు 4.7 కోట్ల ఏళ్ల కిందటి మహాసర్పానికి 2024లో ‘వాసుకి ఇండికస్’ అని పేరు పెట్టారు. పొడవు 11 నుంచి 15 మీటర్ల మధ్య ఉంటుందని అంచనా.

● నిప్పులు కక్కే జంతువు కావాలంటే నన్నయ భారతం ఆదిపర్వం తెరవాలి. గురుపత్ని కోసం తెస్తున్న కుండలాలను తక్షకుడు ఎత్తుకుపోతే, ఉదంకుడు నాగలోకానికి దిగుతాడు. అక్కడో దివ్యపురుషుడు చెప్పినట్టు గుర్రం చెవిలో ఊదితే, దాని ఒంట్లోంచి మంటలు లేచి నాగలోకమంతా కమ్ముకుంటాయి. తక్షకుడు హడలిపోయి కుండలాలు తెచ్చిచ్చేస్తాడు. సంస్కృత మూలంలో ఊదిన చోటు చెవి కాదు, గుర్రం వెనక భాగం. నన్నయ మర్యాదగా ముందుకు మార్చాడు!

● కోనసీమ కళ్లారా చూసిన మంట మాత్రం పాశర్లపూడిది. 1995 జనవరి 8న ఓఎన్‌జీసీ గ్యాస్ బావిలో బ్లోఅవుట్ జరిగి, భూమిలోంచి మంట తన్నుకొచ్చింది. ఆర్పి బావి మూయడానికి 65 రోజులు పట్టింది. చుట్టుపక్కల జనాన్ని ఇళ్లు ఖాళీ చేయించారు.

● నిధికి కాపలా చాలా దేశాల కథల్లో ఉంది. నార్వే, ఐస్‌లాండ్ గాథల్లో ఫాఫ్నిర్, 1937లో టోల్కీన్ రాసిన ‘ది హాబిట్’లో స్మౌగ్ బంగారం మీదే పడుకుంటాయి. మన దగ్గర లంకెబిందెలున్నాయంటే పక్కనే తాచుపాము ఉండాల్సిందే.

● గుళ్లో స్వామి వెనక మకరతోరణం చూడండి. మొసలి దవడ, ఏనుగు తొండం, చేప తోక కలిసిన మకరం గంగమ్మకు వాహనం. దాసరి సుబ్రహ్మణ్యం ‘చందమామ’లో ‘మకరదేవత’ పేరుతో సీరియలే రాశారు.

● చైనాలో డ్రాగన్ వానలిచ్చే దేవత. భూటాన్ జెండా మీద ఉన్నదీ డ్రాగనే. మన నాగదేవతకు కార్తీక శుద్ధ చవితి నాడు పుట్ట దగ్గర పాలు, చలివిడి, చిమ్మిలి పెడతాం. గోదావరి జిల్లాల్లో తేగలు, బుర్రగుంజు కూడా ఉండాలి. పుట్టమన్ను కాస్త చెవులకు రాసుకుని ఇంటికొస్తాం. నిజానికి పాములు పాలు తాగే జంతువులు కావు. వాటికి కావలసింది పొలంలో ఎలుకలు!

● యూరప్‌లో డ్రాగన్‌ను చంపినవాడు వీరుడు, సెయింట్ జార్జ్‌లా. మన దగ్గర జనమేజయుడు పాములన్నిటినీ మంటల్లో వేయడానికి యాగం మొదలుపెడితే, మధ్యలో ఆపించిన కుర్రాడు ఆస్తీకుడికే పేరొచ్చింది. పాము కనిపిస్తే కర్ర తీసేముందు “ఆస్తీకా” అనుకునే పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.