తల్లి తిమింగలమునకు చట్టపు రక్ష

పురిటిల్లున్న వీథిలో అల్లరి చేయవలదని పెద్దలు పిల్లలను మందలించుట మన మెఱిగినదే. సముద్రములో ప్రసవించు తల్లికొఱకు అట్టి కట్టడి యొకటి అమెరికా దేశమున గలదు. దానిని గుఱించియు, దానిలోని కొఱతను గుఱించియు నేడు మీకు విన్నవింతుము.

ఆ దేశపు తూర్పుతీరమునను, కెనడా తీరమునను రైట్ వేల్ అను తిమింగలములు సంచరించుచుండును. ఇవి బిడ్డలకు పాలిచ్చి పెంచు జీవులు. మెల్లగా నీదుచు ఒడ్డునకు దాపున మెలగుటచేతను, చచ్చిన పిదప నీటిపై తేలుటచేతను, విస్తారముగా నూనె నిచ్చుటచేతను వేటగాండ్రు వందల యేండ్లు వీనిని చంపిరి. 1935లో అంతర్జాతీయమైన ఒడంబడిక ఈ వేటను నిషేధించెను. అయినను నేడు మిగిలినవి 400కు లోపే. వానిలో బిడ్డలను గనుచున్న తల్లులు సుమారు 70 మాత్రమే. తల్లి యేడాది మోసి యొక్క బిడ్డనే కనును. మరల కనుటకు ఇప్పుడు 7 మొదలు 10 ఏండ్లు పట్టుచున్నది.

వేట పోయినను రెండాపదలు మిగిలినవి: ఓడల తాకిడి, పీతలు మొదలగువానిని పట్టు బోనుల త్రాళ్లు. అమెరికాలో 1972లో సముద్రపు పాలిచ్చు జంతువులకును, 1973లో నశించుచున్న ప్రాణులకును రక్షణ చట్టములు చేసిరి. ఈ తిమింగలములకు 500 గజముల లోపునకు పడవ పోరాదని 1997లో శాసించిరి. 65 అడుగులును, అంతకు మించియు నున్న ఓడలు కొన్ని మాసములలో, కొన్ని తావులలో 10 నాట్ల వేగమును, అనగా గంటకు సుమారు 18½ కిలోమీటర్లను, మీఱరాదని 2008లో నిబంధన చేసిరి.

చలికాలమున గర్భిణులు జార్జియా, ఫ్లోరిడా తీరములకు వచ్చి ప్రసవించును. 2021 ఫిబ్రవరిలో ఫ్లోరిడా తీరమున చేపల వేటపడవ యొకటి పసిబిడ్డను ఢీకొనెను. బిడ్డ చచ్చి యొడ్డునకు కొట్టుకొని వచ్చెను. తల్లి గాయములతో కనబడెను. ఆ పడవ పొడవు 54 అడుగులు. కొలతలో 11 అడుగులు తక్కువ గనుక వేగపు నిబంధన దానికి వర్తింపలేదు!

ఆ కొలతను 35 అడుగులకు తగ్గింపవలెనని 2022లో ప్రతిపాదించిరి. తమ జీవనమునకును, భద్రతకును భంగమని పడవలవారు పలువురు ఆక్షేపించిరి. 2025 జనవరిలో ప్రభుత్వము ప్రతిపాదనను ఉపసంహరించుకొనెను.

పడవలవారి కష్టమును మేము తేలికగా నెంచము. వారికి నష్టము కలిగినచో తీర్చు మార్గములు కలవు. పదియేండ్లకొక బిడ్డను గను తల్లికి పోయిన బిడ్డను తెచ్చియిచ్చు మార్గము లేదు. కావున చిన్న పడవ కూడ ఆ పురిటి వాకిట మెల్లగా పోవలసినదే యని మా యభిప్రాయము.