ఆ చేయి ఎవరిది?

దేవరకొండ నుంచి కల్వకుర్తి మీదుగా నాగర్‌కర్నూలు దాకా బస్సులో ఇప్పుడైతే ఒక పూటలో వెళ్లిపోతాం. కిటికీలోంచి గుట్టలు, తుమ్మచెట్లు, కంది చేలు, ఎండాకాలమైతే నీళ్లింకిన కుంటలు కనిపిస్తాయి. నూరేళ్ల కిందట ఇదే దారి ఎడ్లబండిలో రోజుల తరబడి ప్రయాణం. చీకటి పడితే ఏ చెట్టు కిందో గుడారం వేసుకోవాలి, లేదంటే ఎవరో ఒకరు ఇంత చోటివ్వాలి.

నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో క్రైస్తవ మిషన్ చరిత్రంతా ఈ దారుల మీదే నడిచింది. రష్యా నుంచి వచ్చిన మెన్నోనైట్ దంపతులు అబ్రహాం ఫ్రీసెన్, మరియా ఫ్రీసెన్ 1890లో నల్లగొండ చేరారు. 1899లో అమెరికా నుంచి హీబర్ట్ దంపతులతో పాటు ఎలిజబెత్ న్యూఫెల్డ్ అనే పెళ్లికాని స్త్రీ వచ్చారు. 1907లో వచ్చిన డాక్టర్ కాథరీనా షెలెన్‌బర్గ్ 1945లో కన్నుమూసేదాకా దాదాపు నలభయ్యేళ్లు ఈ ప్రాంతపు ఆడవాళ్లకు, పిల్లలకు వైద్యం చేశారు. జడ్చర్లలో మెన్నోనైట్ ఆసుపత్రి 1952లో మొదలైంది.

వీళ్ల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. ఊరూరా కాలినడకన తిరిగిన మన తెలుగు బైబిలు స్త్రీల పేర్లు చాలావరకు లేవు. ఆ రోజుల్లో విశ్వాసంలోకి వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ పల్లెలవాళ్లే. ఊరి బావి దగ్గరికి రానివ్వని కాలం అది. అలాంటప్పుడు ముక్కూ మొహం తెలియని ఇల్లాలు ఒకరు కడవలోంచి చెంబెడు నీళ్లు ముంచి చేతికిస్తే, అది దేవుడే ఇచ్చినట్టు అనిపించడంలో వింతేముంది?

మా అత్తగారు ఆ తరం మాటలు వింటూ పెరిగిన మనిషి. ఏ మేలు జరిగినా ఆవిడది ఒకటే మాట: 'ప్రభువే పంపాడు'. పెళ్లయిన కొత్తలో నాకా మాట మరీ తేలిగ్గా అనేస్తున్నట్టు అనిపించేది. 2013 ఎండాకాలంలో ఆ మాటకి జవాబు కూడా ఉంటుందని తెలిసింది.

చెంబెడు నీళ్ల ఖరీదు

స్త్రీల సమాజం తరఫున ఎనిమిదిమందిమి ఒక పల్లెలో ప్రార్థన కూటానికి జీపులో బయలుదేరాం. దేవరకొండ దాటాక టైరు పంక్చరైంది. స్టెప్నీలో గాలి లేదు. ఫోన్లో సిగ్నల్ లేదు. డ్రైవరు ఎవరిదో మోటారు సైకిలెక్కి టైరు పట్టుకుపోయాడు. మధ్యాహ్నం రెండు దాటింది. అత్తయ్యకి షుగరు. పొద్దున మాత్ర వేసుకున్నారు గానీ అన్నం తినలేదు. చూస్తుండగానే ఒళ్లంతా చెమటలు పట్టాయి, మాట తడబడింది. దగ్గర్లో ఉన్న తండాకి ఇద్దరం చెరో రెక్కా పట్టుకుని నడిపించుకెళ్లాం.

మొదటి ఇంటి ముందు ఒక లంబాడా అవ్వ పల్లికాయ ఒలుస్తోంది. మేమెవరమో అడగలేదు. "అయ్యో, లోపలికి తీస్కరాండ్రి బిడ్డా" అని లేచింది. నేను షుగరు సంగతి చెప్పగానే గ్లాసులో చక్కెర కలిపి పట్టించింది. కాసేపటికి అత్తయ్య కళ్లు తేటపడ్డాయి. తర్వాత జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు పెట్టింది. మా అందరికీ నీళ్లిచ్చింది.

ఆ నీళ్ల గురించి చెప్పాలి. నల్లగొండ జిల్లా అంటేనే ఫ్లోరైడ్. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించి ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మర్రిగూడ వైపు పల్లెల్లో అంతకు ఎన్నో రెట్లున్న బోరు నీళ్లు తాగి వంకర్లు తిరిగిన కాళ్లను ఆ రోజుల్లో చాలామందిమి చూశాం. నది నీళ్లు నల్లాల్లో రావడం ఆ తర్వాతి సంగతి. అప్పట్లో కొనుక్కున్న క్యాను నీళ్లే దిక్కు. అవ్వ మాకు ఇచ్చింది ఆ క్యానులోంచే. తను మాత్రం పక్కనున్న బిందెలో బోరు నీళ్లు తాగింది. మేం వెళ్లేసరికి క్యాను అడుగంటింది.

అత్తయ్య చేతులు జోడించి, "ప్రభువే నిన్ను మాకోసం ఉంచాడమ్మా" అన్నారు.

అవ్వ నవ్వింది. "నన్నెవరు ఉంచిన్రు తల్లీ, నా ఇల్లు ఈడనే ఉండె. మిమ్మల్నే మా సేవాభాయా నా ఇంటికి తోలిండు" అంది. గోడమీద సంత్ సేవాలాల్ పటం, దాని ముందు దీపం. అత్తయ్య ఏమంటారోనని మేమంతా బిగుసుకుపోయాం. ఆవిడ పటం వంక చూసి, అవ్వ వంక చూసి, "రొట్టె ఇంకొకటి పెట్టు" అన్నారు. డబ్బులివ్వబోతే అవ్వ పుచ్చుకోలేదు. "పైసలు తీస్కుంటె అంగడైతది" అంది.

బయటివాళ్లే ఎందుకు?

ఇంటికొచ్చాక అత్తయ్య బైబిలు తీసి అపొస్తలుల కార్యములు చదివించుకున్నారు. పౌలు ఎక్కిన ఓడ పగిలి 276 మంది మెలితే ద్వీపానికి కొట్టుకొస్తారు. వానలో, చలిలో వణుకుతున్న వాళ్లకి మంట వేసి ఆదరించింది ఆ ద్వీపవాసులు. సువార్త అప్పటికింకా వాళ్ల చెవిన పడలేదు. ఏలీయా ఆకలి తీర్చిన సారెపతు విధవరాలు పరాయి దేశస్థురాలు. బావి దగ్గర యేసు నీళ్లడిగింది యూదులు అంటరానిదిగా చూసిన సమరయ స్త్రీని. దారిలో దెబ్బలు తిని పడి ఉన్నవాణ్ణి లేవదీసిందీ సమరయుడే. పెట్టే చేయి దాదాపు ప్రతిసారీ బయటివాళ్లదే.

"మనం ఇవ్వడానికే పోతాం అనుకుంటాం. పుచ్చుకోవడానికి కూడా పంపుతాడు" అన్నారు అత్తయ్య. ఆ తర్వాత కూడా ఆవిడ 'ప్రభువే పంపాడు' అనడం మానలేదు. కాకపోతే దాని వెనకే ఇంకో మాట చేరింది: 'ఆమెకి ఎంత ఖర్చయిందో!' ఆ దారిన వెళ్లినప్పుడల్లా నిండు నీళ్ల క్యాను ఒకటి జీపులో పెట్టించేవారు. దాన్ని అవ్వ కాదనలేదు.

మేలు చేసినవాళ్లలో దేవుణ్ణి చూడటం మంచిదే. అయితే దండమంతా పైకి పెట్టేసి, ఎదురుగా ఉన్న మనిషి ఖాళీ బిందెను చూడకపోతే అది సగం కృతజ్ఞతే. దేవుడి చేయి అని నమ్మేవాళ్లం ఆ చేతికున్న కాయలు కూడా చూడాలి. ఆ చెయ్యి తను నమ్మిన దేవుడికే దండం పెట్టుకుంటే మనకి వచ్చే నష్టం కూడా ఏమీ లేదు. ఏమంటారు?