షెడ్డులో పాత కారుందా? సామాను పారెయ్యకండి!

పెరట్లోనో, షెడ్డులోనో టార్పాలిన్ కప్పుకుని ఏళ్ళ తరబడి నిలబడిపోయిన అంబాసిడర్ కారు కొన్ని ఇళ్ళల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. "ఈ దసరాకి బాగుచేయించేద్దాం" అంటారు ఇంట్లో మగవాళ్ళు. ఆ మాట అన్నాక పది దసరాలు వెళ్ళిపోతాయి! డబ్బు కన్నా ముందు అడ్డం వచ్చేది సామాను. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. పార్ట్స్ కోసం ఊళ్ళు తిరగాలి. తీరా దొరికినా, అది మన కారుకి సరిపోతుందన్న నమ్మకం లేదు.

"ఇందులో ఆడవాళ్ళకేం పని?" అనుకోకండి. ఏ డబ్బాలో ఏముందో గుర్తుపెట్టుకోవడం, పాత మూత చూపించి కొత్తది కొనడం, కుక్కర్ గ్యాస్కెట్ సైజు చూసి తేవడం మనకి అలవాటైన పనులే. పాత కారు బాగుచేయడంలో సగం పని అదేనండీ.

ముందు మన కారేదో తెలియాలి

అంబాసిడర్ అన్న పేరు ఒక్కటే గానీ, లోపలి సామాను ఒక్కటి కాదు. బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 కారు ఆధారంగా, కలకత్తా దగ్గర ఉత్తరపారాలో హిందుస్తాన్ మోటార్స్ వాళ్ళు దీన్ని తయారుచేశారు. మొదట్లో సైడ్ వాల్వ్ ఇంజన్ ఉండేది. 1959లో దాని బదులు 1489 సి.సి. బి.ఎం.సి. ఇంజన్ వచ్చింది. 1963లో మార్క్ 2, 1975లో మార్క్ 3, 1979లో మార్క్ 4 వచ్చాయి. 1990లలో ఇసుజు ఇంజన్ కూడా పెట్టారు.

ముందు గ్రిల్ చూసి ఫలానా మార్క్ అని చెప్పేస్తారు కొందరు. కానీ ఇన్నేళ్ళలో గ్రిల్ మారిపోయి ఉండవచ్చు, ఇంజనే మారిపోయి ఉండవచ్చు. అందుకని కారు మీది చాసిస్ నంబరు, ఇంజన్ నంబరు చూసి, ఆర్.సి. పుస్తకంలోని నంబర్లతో కలిశాయో లేదో సరిచూసుకోండి.

మా మామగారి కారు మార్క్ 2. మా మరిది ఒకసారి "అంబాసిడర్ హెడ్ గ్యాస్కెట్" అని అడిగితే, షాపతను ఇసుజు ఇంజన్‌ది చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చి ఇంజన్ మీద పెట్టి చూస్తే రంధ్రాలే కలవలేదు! మర్నాడు పాతదాన్ని పేపర్లో చుట్టి పట్టుకెళితే గానీ సరైనది దొరకలేదు.

పాతదే మన కొలత

విరిగినా, తుప్పు పట్టినా, కొత్తది బిగించి కారు నడిచేదాకా పాత పార్ట్‌ని పాత ఇనుప సామానులో వెయ్యనివ్వకండి. విప్పేముందు సెల్‌ఫోన్‌తో నాలుగు వైపుల నుంచీ ఫొటో తీయండి. ఒక్కో చోటి బోల్టులు ఒక్కో డబ్బాలో వేసి, ఆవకాయ జాడీకి అంటించినట్టు చీటీ అంటించండి. "ఎడమ ముందు తలుపు, కీలు, 6 బోల్టులు" అని రాస్తే చాలు.

తర్వాత కిరసనాయిలు గుడ్డతో జిడ్డు తుడిచి (బ్రేకు సామాను మాత్రం వద్దు) నంబరు వెతకండి. పోతపోసిన పార్ట్స్ మీద చాలావాటికి నంబరు గానీ, కంపెనీ గుర్తు గానీ ఉంటుంది. బేరింగ్ అయితే మరీ సులువు. సీలింగ్ ఫ్యానులో ఉండే 6202 బేరింగ్ తీసుకోండి. లోపలి రంధ్రం 15 మిల్లీమీటర్లు, బయటి అంచు 35, మందం 11. ఏ దేశంలో, ఏ కంపెనీ చేసినా ఆ నంబరుకి అవే కొలతలు. కారు బేరింగ్ మీద ఇలాంటి నంబరు కనిపిస్తే, కార్ల షాపులో లేకపోయినా బేరింగుల షాపులో అడగవచ్చు. ఆయిల్ సీలుకి లోపలి కొలత, బయటి కొలత, మందం, ఈ మూడూ రాసుకుంటే చాలు.

విజయవాడ ఆటోనగర్, సికింద్రాబాద్ రాణీగంజ్, చెన్నై పుదుప్పేట లాంటి చోట్లకి వెళ్ళేటప్పుడు చేతిలో పాత పార్ట్, జేబులో కొలతల చీటీ ఉండాలి.

చూపుకి ఒక్కటే, బిగింపుకి వేరు

పాత అంబాసిడర్ బోల్టులు అంగుళాల లెక్కవి. ఫియట్, అంటే ప్రీమియర్ పద్మినివి మిల్లీమీటర్ల లెక్కవి. 5/16 అంగుళం బోల్టు మందం 7.94 మిల్లీమీటర్లు. 8 మిల్లీమీటర్ల బోల్టుని పక్కన పెడితే తేడా కంటికి ఆనదు. కానీ మర చుట్లు వేరు. స్పానరుతో బలవంతాన తిప్పితే లోపలి మర అరిగిపోతుంది. ఏ బోల్టయినా ముందు మూడు నాలుగు చుట్లు చేత్తోనే తేలిగ్గా ఎక్కాలి. ఎక్కలేదంటే అది దానిది కాదన్నమాట.

రంగు వేయించేముందే తలుపు రబ్బర్లు, గ్రిల్, బంపర్ ఒకసారి పెట్టి చూసుకోవాలి. రంగు వేశాక రాకుతూ కూర్చుంటే ఆ ఖర్చు మళ్ళీ మనదే.

ఇక్కడ బేరం వద్దు

బుష్షులు, పిన్నుల్లాంటివి మంచి లేతు పనివాడు చేసిస్తాడు. బ్రేకు సామాను, స్టీరింగ్ జాయింట్లు మాత్రం పాతవి కొనకండి, ఎవరిచేతా చేయించకండి. బ్రేకు రబ్బర్లని పెట్రోలు, కిరసనాయిలు, మిషను నూనెలతో కడిగితే ఉబ్బిపోతాయి. ఉబ్బిన రబ్బరుతో బ్రేకు పట్టకపోవచ్చు, పట్టింది వదలకపోవచ్చు. కారులో కూర్చునేది మన పిల్లలే కదా!

పాత బ్రేకు షూల మీది లైనింగులో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. ఆ ధూళి ఊపిరితిత్తులకి చాలా చెడ్డది. నోటితో ఊదకూడదు, గాలి కొట్టకూడదు. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారేయాలి. ఆ పని చేసిన బట్టలు ఇంట్లో దులపనివ్వకండి, మిగతావాటితో కలిపి నానబెట్టకండి.

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. పాతకాలం రబ్బరు గొట్టాలు దానికి మెత్తబడి కారతాయి. ఇథనాల్‌కి తట్టుకునే గొట్టాలు వేయించండి.

అసలు సామానుకి అసలు విలువ

2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం వింటేజ్ వాహనాలకి ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్ళు దాటిన కారుకి నంబరులో "వి.ఎ." అక్షరాలతో రిజిస్ట్రేషన్ ఇస్తారు. చాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చి ఉండకూడదు. రోజూ తిప్పుకోవడానికి, అద్దెకి ఇవ్వడానికి వీల్లేదు. "ఈ ఇంజన్ తీసేసి వేరేది పెట్టేస్తాను, సులువు" అని మెకానిక్ అంటే ఈ సంగతి గుర్తుచెయ్యండి.

రేపు మధ్యాహ్నం కాస్త తీరిక చేసుకుని ఆ టార్పాలిన్ ఎత్తండి. ఒక నోట్‌బుక్ తీసి మొదటి పేజీలో చాసిస్ నంబరు, ఇంజన్ నంబరు రాయండి. కొనాల్సిన సామాను చిట్టా రెండో పేజీ నుంచి మొదలుపెట్టవచ్చు.