మూసారాం ఎవరు?

మియాపూర్–ఎల్బీనగర్ మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్ పక్క స్టేషన్ మూసారాంబాగ్. మా పాలమూరు దిక్కు నుంచి చదువుకోడానికి వచ్చి దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండేవాళ్లకి ఈ పేరు రోజూ వినబడేదే. అందులో మూసా ఉన్నాడు, రాం ఉన్నాడు. కానీ అసలు మనిషి ఒక ఫ్రెంచి సైనికుడు, మిషెల్ రేమండ్.

1755లో ఫ్రాన్సులో పుట్టిన రేమండ్ 1786లో రెండో ఆసఫ్‌జా నిజాం అలీఖాన్ కొలువులో చేరాడు. సైన్యానికి యూరప్ పద్ధతిలో కవాతు నేర్పాడు, ఫిరంగులు పోత పోయించాడు. ఆబిడ్స్ దగ్గర గన్‌ఫౌండ్రీ అనే పేరు ఆ ఫిరంగుల కార్ఖానాదే. 1798 మార్చి 25న చనిపోయాడు. అదే ఏడాది అక్టోబర్‌లో ఇంగ్లీషువాళ్లు అతని పటాలాలను నిరాయుధం చేసి రద్దు చేయించారు.

ఫ్రెంచిలో 'మస్యూ' అంటే అయ్యగారు. మస్యూ రేమండ్ జనం నోట్లో పడి ముస్లింలకు మూసా రహీం, హిందువులకు మూసా రాం అయ్యాడని చెప్తారు. మా బిజినేపల్లి మండలంలో నందివడ్డెమాన్ ఉంది, ఒకప్పుడు గోన వంశం వాళ్లు పాలించిన వర్ధమానపురం అదే. వర్ధమానం వడ్డెమాన్ అయినట్టే ఇది కూడా. మన సీఎస్ వాళ్ల భాషలో లాసీ కంప్రెషన్ అన్నమాట. వివరాలు కొన్ని పోతాయి గానీ బొమ్మను గుర్తుపట్టొచ్చు.

రేమండ్ సమాధి ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఉంది. పైకి పోయేకొద్దీ సన్నబడే నల్ల గ్రానైటు స్తంభం, ఎత్తు సుమారు 7 మీటర్లు. దాని మీద జే.ఆర్. అనే రెండక్షరాలే ఉంటాయి. పక్కన గ్రీకు తరహా స్తంభాల మండపం. ఇది రాష్ట్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడం.

రక్షితం అంటే ఏంటి? పగలగొట్టడం, గీతలు గీయడం, అనుమతి లేకుండా తవ్వడం నేరం. బాగోగులు చూసే బాధ్యత ప్రభుత్వానిది. కేంద్రం జాబితాలో ఉన్న కట్టడాలకైతే చుట్టూ 100 మీటర్ల దాకా కొత్త కట్టడం నిషేధం, ఆ తర్వాత ఇంకో 200 మీటర్లలో అనుమతి కావాలి. రాష్ట్రం జాబితాలోవి రాష్ట్ర చట్టం కిందికి వస్తాయి. తెలంగాణలో 2017లో కొత్త వారసత్వ చట్టం వచ్చింది.

అయితే చట్టం మనిషిని ఆపుతుంది గానీ వానను ఆపదు. 2001 అక్టోబర్‌లో ఆ మండపం కూలిపోయింది. వాన ఒక కారణం, ఏళ్లతరబడి పట్టించుకోకపోవడం ఇంకో కారణం. తర్వాత మళ్లీ కట్టారు కాబట్టి ఇవాళ చూడగలుగుతున్నాం. రాయి ఒక్కరోజులో కూలదు. ముందు సందులో మొక్క మొలుస్తుంది, నీళ్లు దిగుతాయి, పగులు పెద్దదవుతుంది. ఇదంతా కనబడే పనే, చూసేవాళ్లు ఉండాలి అంతే.

జాబితాలో పేరు ఎక్కితే పని అయిపోయిందనుకుంటాం. నిజానికి పని అక్కడే మొదలవుతుంది. మళ్లీ కట్టాలన్నా ముందు ఎట్లుండెనో చెప్పే కొలతలు, ఫొటోలు కావాలి. బ్యాకప్ లేని ప్రాజెక్టు గతి మనకు తెలిసిందే కదా. మీ ఊళ్లో పాత సమాధి, గుడి, శాసనం ఏదున్నా సెలవులకు పోయినప్పుడు నాలుగు వైపులా ఫొటోలు తీయండి, తేదీ రాసిపెట్టండి. పగులు కనబడితే పురావస్తు శాఖకు ఒక ఉత్తరం రాయండి. పేరును జనం నోళ్లు 200 ఏళ్లు మోశాయి. రాయికి మాత్రం చూసే కళ్లు కావాలి.