వ్రేలికొనల గీతలు

గద్వాల చీరెను కన్నులు మూసికొని తడిమినను నూలు నేత ఎచట ముగిసినదో, పట్టు అంచు ఎచట మొదలైనదో మన వ్రేళ్లే చెప్పును. ఈ నేర్పునకు వ్రేలికొనలందలి సన్నని గీతలు తోడ్పడుచున్నవి. సుడి తిరిగినచో చక్రమనియు, వంగి మరలినచో శంఖమనియు సాముద్రికులు వానికి ఫలములు చెప్పుదురు. నాకు వానిపై నమ్మకము తక్కువ. గీతలు చేయు పనియే అంతకంటె వింత.

వ్రేలు బట్టపై జరుగునపుడు గీతలు పోగులకు తగిలి చర్మమున సూక్ష్మకంపనము పుట్టును. చర్మపు లోతున నుండు పాచినీ కణికలు సెకనుకు ఇంచుమించు 250 మారులు కలుగు కంపనమును చక్కగా గ్రహించును. గీతలుగల కృత్రిమపు వ్రేలికొన సరిగా అట్టి కంపనములనే హెచ్చించుచున్నదని 2009లో పారిస్ శాస్త్రజ్ఞులు కనుగొనిరి. గీతలు వంపు తిరిగియుండుటచే వ్రేలిని ఎటు జరపినను కొన్నియైన అడ్డుగా నిలుచును. బట్ట కొనునపుడు మనము ఊరక తాకక రుద్ది చూచుట ఇందులకే కాబోలు! స్పర్శనాడులు ఒక్క గీత వెడల్పంతటి సూక్ష్మభేదమును సైతము గుర్తించునని 2021లో స్వీడను పరిశోధకులు తెలిపిరి.

ఈ గీతలు ఏ యిద్దఱికిని ఒక్కతీరున నుండవు. కావున చౌకబియ్యపు దుకాణమున వీనినే గుర్తుగా గొనుచున్నారు. నల్లగొండ, మహబూబునగరు పల్లెలలో పత్తి యేరి, రాళ్లు మోసి, అంట్లు తోమి గీతలరిగిన యమ్మను యంత్రము పోల్చుకొనలేకపోవుట కలదు. ఎంత కష్టించిన చేయి అయిన అంతగా నమ్మదు! గీతల మూలము లోచర్మమున నుండుటచే, పైపొర అరిగినను చేతికి కొన్నాళ్లు విరామమిచ్చినచో అవే గీతలు మరల పొడచూపును. కూలిచేతికి విరామమెక్కడిది? ఆధారు నమోదున కనుపాప గుర్తు కూడ తీసికొనియుందురు. వ్రేలిముద్ర పడనపుడు బియ్యము లేక తిరిగి రాక, కనుపాపతో చూడుమని దుకాణదారుని అడుగవలెను.